జెఫ్ మిల్స్ లిక్విడ్ రూమ్ సీడీ: డీజే చేతులు వినిపించే రికార్డు

టెక్నో, అంటే యంత్రాలతో చేసే డాన్స్ సంగీతం, ఏంటో తెలియని వాళ్లకి ఒక్క సీడీ ఇవ్వాలంటే నేను ఇచ్చేది ఇదే. టెక్నోలో మునిగి తేలిన వాళ్లకి ఇవ్వాలన్నా ఇదే. 1995 అక్టోబరులో టోక్యోలోని షింజుకులో ఉన్న లిక్విడ్ రూమ్ అనే క్లబ్బులో డెట్రాయిట్ డీజే జెఫ్ మిల్స్ వాయించిన సెట్ ఇది, అంటే ప్లేటుకి ప్లేటు కలుపుతూ ఆపకుండా సాగే కచేరీ, మరుసటి ఏడాది సీడీగా వచ్చింది. జపాన్‌లో సోనీ వాళ్లు 'మిక్సప్ వాల్యూమ్ 2' అని వేశారు, ఇంగ్లండ్‌లో రియాక్ట్ అనే కంపెనీ 'లైవ్ ఎట్ ద లిక్విడ్ రూమ్, టోక్యో' అని వేసింది. వెతికేటప్పుడు రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, చాలామంది ఇవి రెండు వేర్వేరు రికార్డులనుకుంటారు. గంటకి కాస్త పైగా నడుస్తుంది. అందులో ముప్పైకి పైగా ట్రాకులు వచ్చి వెళ్లిపోతాయి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే విషయం సగం అర్థమవుతుంది, ఒక్కో ట్రాకుకి సగటున రెండు నిమిషాలు పడుతుందన్నమాట, కొన్నైతే నిమిషం కూడా ఉండవు.

మన దగ్గర డీజే అనగానే బరాత్, నిమజ్జనం, ట్రాలీ మీద పేర్చిన బాక్సులు, తీన్‌మార్ రీమిక్సులు గుర్తొస్తాయి. అక్కడ జనానికి తెలిసిన పాటని సరైన టైముకి వదలడమే పని, ఆ పాట మొదలవగానే అందరూ ఒక్కసారిగా అరుస్తారు, ఆ అరుపు కోసమే డీజే. టెక్నోలో పని వేరే రకంగా ఉంటుంది. ఇక్కడ డీజే తెచ్చే ప్లేట్లలో చాలావరకు జనం ఎప్పుడూ విననివే. పాడేవాళ్లుండరు, పల్లవి చరణాలుండవు. విడిగా ఒక ట్రాకు పెట్టుకుని వింటే ఇంకా ఏదో రావాలి, రావట్లేదేంటి అనిపిస్తుంది. ఎందుకంటే అవి విడిగా వినడానికి చేసినవి కావు, ఇంకో ట్రాకు మీద పెట్టి వాయించడానికి చేసినవి. ఒకదాని కిక్ (కింద దమ్ దమ్మని కొట్టే పెద్ద డ్రమ్ము), ఇంకోదాని హై-హ్యాట్ (పైన చిక్ చిక్ మనే తాళాల జత), మూడోదానిలోంచి నాలుగు స్వరాల ముక్క, ఇవన్నీ కలిసినప్పుడు ఆ క్షణానికి మాత్రమే ఉండే పాట ఒకటి పుడుతుంది. ఆ పాట ఏ ప్లేటు మీదా ఉండదు. ఈ సీడీ గొప్పతనం అదే, అలాంటి పాటలు ఒకదాని వెంట ఒకటి పుట్టడం, ఆరిపోవడం ఇందులో స్పష్టంగా వినిపిస్తుంది.

మామూలు క్లబ్ డీజే దగ్గర రెండు టర్న్‌టేబుళ్లు ఉంటాయి. ఒకటి జనానికి వినిపిస్తుంటే రెండోదాన్ని హెడ్‌ఫోన్‌లో వింటూ స్పీడు కలుపుకుంటాడు, కలిశాక మెల్లగా దాన్ని పైకి తెచ్చి మొదటిదాన్ని దించేస్తాడు. మిల్స్ ఆ రాత్రి మూడు వాడాడు. రెండు ప్లేట్లు కలిసి మోగుతుండగానే మూడోదాన్ని కవరులోంచి తీసి, ముల్లు పెట్టి, ఒక చెవికి హెడ్‌ఫోన్ ఆనించుకుని, చెవులు చిల్లులు పడే ఆ మోతలో దాని వేగం పట్టుకోవాలి. ఈ రోజుల్లో చాలా క్లబ్బుల్లో వాడే పరికరాల్లో సింక్ బటన్ ఉంటుంది, నొక్కితే బీట్లు వాటంతటవే కలుస్తాయి. అప్పట్లో అది లేదు. ప్లేటు వేగం మార్చే పిచ్ స్లయిడర్ ఒకటి, వేలు ఒకటి, అంతే. ప్లేటు అంచుని వేలితో కాస్త ఆపితే వెనక్కి వస్తుంది, కాస్త తోస్తే ముందుకు పోతుంది. ఈ పని రెండు నిమిషాలకోసారి, ఒక్కోసారి ముప్పై సెకన్లకోసారి, గంటకి పైగా ఆపకుండా చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అందుకే ఇందులో తప్పులున్నాయి. ఉన్నాయని గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే కొందరు ఈ సీడీని దేవుడి పటంలా చూస్తారు, తప్పుల మాట ఎత్తితే ఒప్పుకోరు. కొన్ని చోట్ల రెండు కిక్‌లు విడిపోయి దడదడమని తొక్కిసలాట అవుతుంది. ఒక ట్రాకు రావలసిన దానికన్నా గట్టిగా దూసుకొస్తుంది, వెంటనే దాన్ని తగ్గించేస్తాడు. ముల్లు చప్పుడు, పాత ప్లేట్ల చిటపట అలాగే ఉన్నాయి. వెనకాల జనం ఈలలు, కేకలు వినిపిస్తాయి. తర్వాత స్టూడియోలో కూర్చుని ఇవన్నీ సరిచేయడం పెద్ద పనేం కాదు, ఆ కాలంలో వచ్చిన మిక్స్ సీడీలు చాలావరకు అలా నున్నగా చేసి అమ్మినవే. ఇందులో అవన్నీ వదిలేశారు, అందుకు నేను చాలా సంతోషిస్తాను. బీట్ తప్పిన ఆ రెండు సెకన్లలో అక్కడ ఒక మనిషి నిలబడి ఉన్నాడని, ఇప్పుడు చెయ్యి పెట్టి సర్దబోతున్నాడని తెలుస్తుంది, సర్దుకున్నాక వచ్చే బలం ముందెప్పుడూ తప్పకపోతే రాదు. జపాన్ జనం అరుపు కూడా చాలాసార్లు సరిగ్గా అలా సర్దుకున్న చోటే లేస్తుంది.

ఎవరెవరి ట్రాకులున్నాయో చూస్తే ఆ ఏడాది టెక్నో ఎక్కడెక్కడ నడుస్తోందో తెలిసిపోతుంది. బర్మింగ్‌హామ్ నుంచి సర్జన్, న్యూయార్క్ నుంచి జోయీ బెల్‌ట్రమ్, చికాగో నుంచి డీజే ఫంక్. డీజే ఫంక్ ట్రాకులో ఒకటే మాట పదేపదే అరుస్తుంటుంది, అది చికాగో గెటో హౌస్ పద్ధతి, కాస్త మొరటుగా సరదాగా ఉంటుంది. దాన్ని ఈ ఇనుప మోత మధ్యలో వదలగానే ఒక్కసారి గది మొత్తం నవ్వినట్టు అనిపిస్తుంది. టోక్యోలో వాయిస్తున్నాడు కాబట్టి జపాన్ వాడైన కెన్ ఇషీ ట్రాకు 'ఎక్స్‌ట్రా' కూడా తెచ్చాడు. ఒక చోట డెరిక్ మే 1987 నాటి 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్' వస్తుంది. దాని గురించి రెండు మాటలు చెప్పాలి. అందులో పియానో ముక్కలు, వయొలిన్ల లాంటి తీగల శబ్దం ఉంటాయి, దాదాపు కన్నీళ్లు తెప్పించే ట్రాకు అది, దాన్ని అందరూ సెట్టు చివర్లో గౌరవంగా, మొదటి నుంచీ చివరి వరకూ వాయిస్తారు. మిల్స్ దానికి కూడా మినహాయింపు ఇవ్వడు. తన ఊరి వాడి ట్రాకే అయినా మిగతా వాటిని పట్టుకున్నట్టే పట్టుకుంటాడు, కింద డ్రమ్ము తోస్తూనే ఉంటాడు. ఇంట్లో కూర్చుని విడిగా వింటే ఆ పాట దిగులుగా ఉంటుంది, ఇక్కడ అదే పాటలో కోపం వినిపిస్తుంది.

ఇక 'ద బెల్స్'. ఇది మిల్స్ సొంత ట్రాకు, తర్వాత తన పర్పస్ మేకర్ లేబుల్ మీద ప్లేటుగా వచ్చి టెక్నోలో అందరికంటే ఎక్కువ మందికి తెలిసిన ట్రాకుల్లో ఒకటైంది, ఈరోజుకీ ఏదో ఒక క్లబ్బులో ఎవరో ఒకరు వాయిస్తూనే ఉంటారు. నిజానికి అందులో ఏముంది? ఒక కిక్, కింద గుండ్రంగా తిరిగే బేస్, పైన గంటల్లాంటి చిన్న స్వరాల వరస. ఆ వరస మారదు, పెరగదు, ఎక్కడికీ పోదు. మారేదల్లా దాని చుట్టూ డ్రమ్ములు వచ్చే తీరు, తీసేసే తీరు. ఈ సీడీలో అది వచ్చినప్పటికి జనంలో చాలామందికి అదింకా తెలియని ట్రాకే అయ్యుంటుంది, అయినా ఆ గంటలు మొదలవగానే వచ్చే అరుపు వినండి.

ఈ మనిషి ఇక్కడి వరకు ఎలా వచ్చాడో తెలిస్తే ఆ తొందర ఎక్కడిదో తెలుస్తుంది. 1963లో డెట్రాయిట్‌లో పుట్టాడు. కార్ల ఊరు. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల జనం ఉన్న ఊరు 1990 కల్లా పది లక్షల చిల్లరకి పడిపోయింది, ఫ్యాక్టరీలు మూతపడటం, తెల్లవాళ్లు శివార్లకి తరలిపోవడం, 1967 అల్లర్లు అన్నీ దానికి కారణాలే. ఆ ఊళ్లోనే, పక్కనున్న బెల్‌విల్‌లో కలిసి చదువుకున్న హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు యంత్రాలతో ఈ సంగీతం మొదలుపెట్టారు. 1988లో లండన్ నుంచి వచ్చిన ఒక సంకలనంతో దానికి టెక్నో అనే పేరు ప్రపంచమంతా పాకింది. మిల్స్ వాళ్ల తర్వాతి వరస అనుకోవచ్చు, కానీ వాళ్లు రికార్డులు చేస్తున్న రోజుల్లోనే ఇతను ఆ ఊరి రేడియోలో 'ద విజార్డ్' అనే పేరుతో పేరు తెచ్చుకున్నాడు. ముందు డబ్ల్యూడీఆర్‌క్యూ, తర్వాత డబ్ల్యూజేఎల్‌బీ. హిప్‌హాప్, ఎలక్ట్రో, ఫంక్, హౌస్, ఇండస్ట్రియల్, ఏది దొరికితే అది, స్క్రాచ్ చేస్తూ, కోస్తూ, వెంటవెంటనే మార్చేస్తూ వాయించేవాడు. రేడియో వినేవాడు ఎప్పుడు స్టేషన్ మారుస్తాడో తెలియదు, అందుకని వాడికి ఆ తీరిక ఇవ్వకూడదు. లిక్విడ్ రూమ్‌లో వినిపించే వేగం ఆ రేడియో గదిలో నేర్చుకున్నదే. టెక్నో వాళ్లలో చాలామంది సంగీతాన్ని మెల్లగా, పొరలు పొరలుగా కడతారు, ఇతనికి మాత్రం హిప్‌హాప్ డీజే చేతులున్నాయి.

తర్వాత మైక్ బ్యాంక్స్‌తో కలిసి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే బృందం మొదలుపెట్టాడు, కొద్దికాలానికి రాబర్ట్ హుడ్ చేరాడు. పెద్ద కంపెనీల దగ్గరకి పోం, మొహాలు చూపించం, రికార్డులు మేమే వేసుకుంటాం, మేమే అమ్ముకుంటాం అనే పట్టుదల వాళ్లది. ఆ రోజుల్లోనే బెర్లిన్ గోడ కూలింది, 1991లో తూర్పు బెర్లిన్‌లో పాత వెర్ట్‌హైమ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో, డబ్బు దాచుకునే ఇనుప లాకర్ల గదిలో ట్రెజర్ అనే క్లబ్బు తెరిచారు. ఆ క్లబ్బు పెట్టిన లేబుల్ మొదటి రికార్డు ఈ డెట్రాయిట్ వాళ్లదే, ఎక్స్-101 అనే పేరుతో. డెట్రాయిట్‌లో రేడియోలు, క్లబ్బులు పెద్దగా పట్టించుకోని ఈ సంగీతానికి బెర్లిన్‌లో ఇల్లు దొరికింది. అక్కడి కుర్రాళ్ల చుట్టూ కూడా ఖాళీ అయిన ఫ్యాక్టరీలే, కూలిన గోడలే ఉన్నాయి కాబట్టి పెద్దగా వివరించాల్సిన అవసరం రాలేదు. 1992లో మిల్స్ అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ నుంచి బయటికొచ్చి న్యూయార్క్ చేరాడు, పాత చర్చిలో నడిచే లైమ్‌లైట్ క్లబ్బులో వాయించాడు, ట్రెజర్ లేబుల్ మీద 'వేవ్‌ఫార్మ్ ట్రాన్స్‌మిషన్' మొదటి భాగం వేశాడు. అది ఇప్పటికీ భయం పుట్టించే రికార్డు, మెల్లగా వినడానికి పనికిరాదు. అదే ఏడాది సొంత లేబుల్ యాక్సిస్ పెట్టాడు, ఇంతవరకు దాన్ని తనే నడుపుతున్నాడు.

యాక్సిస్ మీద 1994లో వచ్చిన 'సైకిల్ 30' ప్లేటు గురించి చెప్పకుండా ఉండలేను. మామూలు ప్లేటులో గాడి బయటి నుంచి లోపలికి సుడి తిరుగుతూ పోతుంది. ఈ ప్లేటులో కొన్ని గాళ్లు తమ మీద తామే మూసుకుని గుండ్రంగా ఉంటాయి, ముల్లు అందులో పడితే ఎత్తేదాకా అదే శబ్దం తిరుగుతూనే ఉంటుంది. ప్లేటు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకి 1.8 సెకన్లు. ఆ చుట్టులో నాలుగు బీట్లు పెడితే నిమిషానికి 133 చిల్లర బీట్లు వస్తాయి, అది సరిగ్గా టెక్నో నడిచే వేగం! ఇంత చక్కగా కుదరడం చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఈ గాళ్లని కోసింది రాన్ మర్ఫీ అనే డెట్రాయిట్ పెద్దాయన, ప్లేట్లు కోయడంలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి, డెట్రాయిట్ టెక్నో రికార్డులు ఎన్నో ఆయన చేతి మీదుగానే వెళ్లాయి. లిక్విడ్ రూమ్‌లో మూడు టర్న్‌టేబుళ్ల మీద మిల్స్ ఎలా ఆలోచిస్తున్నాడో అర్థం కావాలంటే ఈ ప్లేటు గుర్తుంచుకోవాలి. ఇతనికి రికార్డు అంటే మొదలు నుంచి చివరి వరకు వినే వస్తువు కాదు, అందులోంచి తనకి కావలసిన ఎనిమిది సెకన్లు తీసుకుని మిగతాది వదిలేసే సామాను.

చేతులు వినడమే కాదు చూడాలి కూడా అనుకుంటే 'ఎగ్జిబిషనిస్ట్' డీవీడీ ఉంది, 2004లో వచ్చింది. ఇందులో జనం లేరు, లైట్ల హంగామా లేదు, మిల్స్ తన సామాను ముందు నిలబడి వాయిస్తుంటే కెమెరాలు వేర్వేరు చోట్ల నుంచి చూస్తుంటాయి, ఏ కెమెరాలోంచి చూడాలో రిమోట్‌తో మనమే మార్చుకోవచ్చు. పైనుంచి చేతులు మాత్రమే చూపించే కోణంలో పెట్టుకుని చూడండి. ఆ వేళ్లకి ఎక్కడా కంగారు ఉండదు. శబ్దం అంత వేగంగా ఉంటే చేతులు కూడా పరుగులు పెడుతుంటాయనుకుంటాం, అవి చాలా నిదానంగా, ముందే అనుకున్న చోటికి అనుకున్న టైముకి పోతుంటాయి. మొహంలో కూడా ఏమీ కనిపించదు. చేతులెత్తి జనాన్ని ఉసిగొల్పడం, మైకు పట్టుకుని అరవడం ఇతని అలవాట్లు కావు, స్టేజీ మీద కూడా శుభ్రంగా చొక్కా వేసుకుని, తల వంచుకుని పని చేసుకుంటాడు. కొందరికి ఇది పొగరుగా కనిపిస్తుందని విన్నాను. నాకైతే ఎంతో మర్యాదగా అనిపిస్తుంది, నన్ను చూడకండి, వినండి, ఆడండి అని చెప్తున్నట్టు ఉంటుంది. ఒక్క ఫిర్యాదు: జనం లేకపోవడం వల్ల డీవీడీలో ఆ వేడి రాదు. నేర్చుకోవడానికి బాగుంటుంది, ఒళ్లు మరిచి ఆడటానికి మాత్రం లిక్విడ్ రూమే కావాలి.

2015లో 'ఎగ్జిబిషనిస్ట్ 2' వచ్చింది, దాన్లో రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్ ఒక్కటే పెట్టుకుని వాయించే భాగం ఉంది. దాని కోసమైనా ఇది చూడాలి. 909 అనేది 1983లో వచ్చిన పెట్టె, పదివేల దాకా తయారయ్యాయి, అసలైన డ్రమ్ములా మోగడం లేదని అప్పట్లో జనం పెద్దగా కొనలేదు, రోలాండ్ త్వరలోనే ఆపేసింది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికింది కాబట్టే డెట్రాయిట్, చికాగో కుర్రాళ్ల చేతికి వచ్చింది. పదహారు బటన్లుంటాయి, ఒక్కోటి తాళంలో ఒక్కో అడుగు, ఏ అడుగులో ఏది మోగాలో నొక్కితే అది తిరుగుతూ ఉంటుంది. అందరూ దాన్ని ముందే ప్రోగ్రామ్ చేసి ఆన్ చేస్తారు. మిల్స్ అది తిరుగుతుండగానే, బీట్ ఆగకుండానే, కిక్ తీసి, చప్పట్లు పెట్టి, టామ్‌లు దొర్లించి, హై-హ్యాట్ పొడుగు తగ్గించి వాయిస్తాడు. కచేరీలో తని ఆవర్తనం ఇష్టపడేవాళ్లకి ఇది సులువుగా ఎక్కుతుంది: చిన్న నడకతో మొదలై, దాన్నే విడగొట్టి, అంచులు కోసి, దట్టం చేసి, మళ్లీ మొదటి కిక్ మీదకి దిగే పద్ధతి మృదంగం వాళ్లకి కొత్త కాదు. యంత్రాన్ని ఒక వాద్యంలా సాధన చేసిన మనిషి కనిపిస్తాడు ఇక్కడ. ఈయన తర్వాత ఎంతోమంది 909ని స్టేజీ మీద పెట్టుకున్నారు, నేను చూసినంతలో ఆ చనువు ఎవరికీ రాలేదు.

మిగతా కెరీర్ మీద నా అభిప్రాయం కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 1927 నాటి మూకీ సినిమా 'మెట్రోపోలిస్'కి 2000లో కొత్తగా సంగీతం కట్టి పారిస్‌లోని పాంపిడూ సెంటర్‌లో వినిపించాడు. అది బాగుంటుంది, ముఖ్యంగా పది గంటల గడియారం చూస్తూ కార్మికులు షిఫ్టు మారే చోట, యంత్రం ముందు నిలబడి ముళ్లు తిప్పుతూ ఒకడు అలసిపోయే చోట. డెట్రాయిట్ వాడికి ఆ దృశ్యం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా. 2005లో ఫ్రాన్స్‌లో పాంట్ దు గార్ అనే రోమన్ల కాలపు నీళ్ల వంతెన దగ్గర మోంపెలియె ఆర్కెస్ట్రాతో కలిసి 'బ్లూ పొటెన్షియల్' చేశాడు. దీన్ని పొగిడేవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక టెక్నో మనిషి పూర్తి సింఫనీ ఆర్కెస్ట్రాతో నిలబడటం ఆ రోజుల్లో పెద్ద విషయమే, 'ద బెల్స్'ని వయొలిన్లు అందుకున్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ మొత్తం విన్నాక నాకు మిగిలేది కొంచెం అసంతృప్తి. అంతమంది వాద్యకారులున్నా చాలా చోట్ల వాళ్లు సింథసైజర్ వాయించిన ముక్కనే మళ్లీ వాయిస్తుంటారు, పైగా ఆర్కెస్ట్రా ముందే రాసుకున్నది కాబట్టి మిల్స్ అనుకున్న క్షణాన దిశ మార్చలేడు. అతని అసలు బలమే ఆ క్షణాన మార్చడం. లిక్విడ్ రూమ్‌లో దొరికే ప్రమాదం ఇక్కడ లేదు.

అంతరిక్షం మీద ఇతనికి ఉన్న పిచ్చితో చేసిన ఆల్బమ్‌లు చాలా ఉన్నాయి, వాటిలో 2013లో వచ్చిన 'వేర్ లైట్ ఎండ్స్' జపాన్ వ్యోమగామి మమోరు మోహ్రీ 1992 అంతరిక్ష ప్రయాణం ఆధారంగా చేసింది. రాత్రి దీపాలార్పి వినడానికి బాగుంటాయి. అన్నీ కొనక్కర్లేదు. ఫ్రాన్స్ ప్రభుత్వం 2007లో షెవాలియె, 2017లో ఆఫీసియె అని కళాకారులకిచ్చే బిరుదులిచ్చింది, అవి కూడా ఎక్కువగా ఈ సినిమా, ఆర్కెస్ట్రా పనులకి దక్కిన గౌరవమే అనుకుంటాను. నా దృష్టిలో మాత్రం షింజుకులో ఆ ఒక్క రాత్రికే ఇవ్వొచ్చు.

ఆర్కెస్ట్రా దగ్గర దొరకనిది టోనీ అలెన్ దగ్గర దొరికింది. ఫెలా కుటీ బ్యాండులో ఆఫ్రోబీట్ తాళానికి పునాది వేసిన నైజీరియా డ్రమ్మర్ ఆయన. ఇద్దరూ కలిసి 2018లో బ్లూ నోట్ లేబుల్ మీద 'టుమారో కమ్స్ ద హార్వెస్ట్' వేశారు. అలెన్ డ్రమ్ము ఎప్పుడూ ఒకే చోట కొట్టదు, కాస్త వెనక్కి వాలుతుంది, ముందుకి జారుతుంది, 909 మాత్రం ఒక్క వెంట్రుక వాసి కూడా కదలదు. మామూలుగా ఇలాంటి చోట మనిషి వచ్చి యంత్రం అడుగులకి లొంగిపోతాడు. ఇక్కడ మిల్స్ తన యంత్రాన్ని ఖాళీ చేసేశాడు, చాలా చోట్ల కిక్ కూడా తీసేసి చిన్న చిన్న చప్పుళ్లు మాత్రమే వాయిస్తూ అలెన్‌కి చోటు వదిలాడు. అరవైకి దగ్గరపడుతున్న వయసులో, తన పేరు మీద టికెట్లు అమ్ముడయ్యే మనిషి, స్టేజీ మీద ఇంకొకరిని వింటూ వాయించడం చూస్తే ఎంతో గౌరవం కలుగుతుంది. 2020లో అలెన్ చనిపోయాక ఆ పేరుతోనే కొనసాగించాడు, కీబోర్డు మీద జాన్-ఫీ డారీ, తబలా మీద ప్రభు ఎడ్వార్డ్. ఈ ప్రభు ఎడ్వార్డ్ భారతీయ మూలాలున్న ఫ్రెంచ్ కళాకారుడు, పండిట్ శంకర్ ఘోష్ శిష్యుడు. 2023లో వచ్చిన 'ఎవల్యూషన్' అనే లైవ్ ఆల్బమ్ వీళ్లదే. తబలా, 909 పక్కపక్కన అనగానే మనకి ఫ్యూజన్ కచేరీల్లో విసుగెత్తించే సవాల్ జవాబు గుర్తొస్తుంది, నాకూ ముందు ఆ టెన్షన్ ఉండేది. ఇందులో అది దాదాపుగా లేదు. ఎవరూ ఎవర్నీ ఓడించాలని చూడరు. తబలా బాయాలోని (ఎడమ చేతి వైపు డ్రమ్ములోని) గుంభనమైన ఆ వంపు, యంత్రంలో ఎప్పటికీ రాని ఆ సాగుడు, కిక్ డ్రమ్ము ఉండాల్సిన చోట వచ్చి కూర్చుంటుంది. తాళం తెలిసిన తెలుగు వాళ్లకి టెక్నో వైపు ఒక తలుపు కావాలంటే ఇది మంచి తలుపు, లిక్విడ్ రూమ్ మరీ గట్టిగా అనిపిస్తే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

కొనే విషయం. లిక్విడ్ రూమ్ సీడీ ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది, జపాన్ అమ్మకందార్ల దగ్గర డిస్కులు సాధారణంగా శుభ్రంగా ఉంటాయి, కవరు ఫొటోలు అడిగి చూసుకుని తీసుకోండి. ఫోను స్పీకర్లో మాత్రం వినకండి, దయచేసి. బేస్ మొత్తం పోయి తుప్పు రేకు మీద కొడుతున్నట్టు వినిపిస్తుంది, ఇదేం సంగీతం అని మూసేస్తారు. మంచి హెడ్‌ఫోన్స్ గానీ, కాస్త పెద్ద స్పీకర్లు గానీ ఉండాలి. మొదటి పది నిమిషాలు ఏ ట్రాకు ఎక్కడ మొదలైందో పట్టుకోవడానికి ప్రయత్నించకండి, హై-హ్యాట్ ఒక్కదాన్నే పట్టుకుని దాని వెంట వెళ్లండి. అది ఎప్పుడు మారిందో మీకు తెలియడం మొదలైతే మిగతావన్నీ వాటంతటవే విడివిడిగా వినిపిస్తాయి. వంట చేస్తూనో, ఆఫీసు పని చేసుకుంటూనో వెనకాల పెట్టుకునే సీడీ కాదిది, తలనొప్పి వస్తుంది.

ఐరోపాలోనో జపాన్‌లోనో అమెరికాలోనో ఉంటూ టికెట్ కొందామనుకునే వాళ్లకి ఒక మాట. మిల్స్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంటాడు, కానీ ఒక్క పేరుతో మూడు నాలుగు రకాల కచేరీలు చేస్తాడు. పోస్టరు జాగ్రత్తగా చదవండి. సినిమాతోనో, ఆర్కెస్ట్రాతోనో అని ఉంటే అది కుర్చీలో కూర్చుని చూసేది, అక్కడ లిక్విడ్ రూమ్ లాంటి రాత్రి ఉంటుందని పోతే నిరాశ పడతారు. 'టుమారో కమ్స్ ద హార్వెస్ట్' అని ఉంటే బ్యాండు. డీజే సెట్టు అని, క్లబ్బు పేరుతో, అర్ధరాత్రి దాటాక టైము ఇచ్చి ఉంటే అదే మీకు కావలసింది. వీలైతే చిన్న క్లబ్బు చూసుకోండి, ఫెస్టివల్ మైదానంలో పెద్ద స్క్రీను మీద చూస్తే ఆ చేతుల పని సగం పోతుంది. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కొనుక్కుని వెళ్లండి, ఇది పెద్దవాళ్లకి మాత్రమే చెప్పే మాట కాదు, అందరికీ, ఆ శబ్దంలో రెండు మూడు గంటలుంటే వినికిడి నిజంగా దెబ్బతింటుంది. లోపలికి వెళ్లాక డీజే నిలబడే బూత్‌కి మరీ ముందు కాకుండా కాస్త పక్కగా, చేతులు కనిపించే చోట నిలబడండి, ఆయన 909 వైపు తిరిగితే ఫోను జేబులో పెట్టేసి ఆడండి.